టర్బో పికప్‌కు బలం పెంచాలంటే దేనితో మొదలుపెట్టాలి?

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు తరచూ తగిలేది 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్. 2011 మోడల్‌తో ఈ బండిలోకి వచ్చింది. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 365 హార్స్‌పవర్, 420 పౌండ్-ఫీట్ల టార్క్. కొన్నాళ్లు నడిపాక దీన్నుంచి ఇంకొంచెం బలం లాగలేమా అనిపిస్తుంది. లాగవచ్చు. టర్బో గాలిని ఎంత నొక్కాలో చెప్పేది కంప్యూటరే కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఒక్కటి మార్చినా తేడా తెలుస్తుంది. అయితే పెరిగిన ప్రతి హార్స్‌పవర్‌తో వేడీ పెరుగుతుంది. ఆ వేడికి దారి చూపకుండా బలం ఒక్కటే కొనుక్కుంటే ఇంజన్ ఎన్నాళ్లో ఉండదు. అందుకే ఈ వరుసలో ట్యూనింగ్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ మార్చడం, చివర్న వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా 2016 దాకా వచ్చిన మొదటి తరం ఇంజన్ గురించి.

ముందు ఈ బలం ఎందుకు కావాలో తేల్చుకోండి. ట్రైలర్ లాగడానికైతే డ్రైవర్ తలుపు తీసి, తలుపు ఆనే చోట అంటించిన స్టిక్కర్ చదవండి. బండి ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. ఇంజన్‌కు ఎంత బలం చేర్చినా ఆ అంకె పెరగదు. బ్రేకులు, స్ప్రింగులు, యాక్సిల్ పాతవే కదా.

రెండో పని బండి ఆరోగ్యం చూడటం. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, ముందువైపు నిలబడి వినండి. మొదటి క్షణాల్లో గలగలమని చప్పుడు వస్తే టైమింగ్ చైన్ సాగిందేమోనని అనుమానించాలి. ఆయిల్ సమయానికి మార్చని బండ్లలో ఇది ఎక్కువ. అలాంటి ఇంజన్‌కు ట్యూన్ వేస్తే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ముందు చైన్ సంగతి చూసుకోండి, మిగతావి తర్వాత. ఆయిల్ మాత్రం 5,000 మైళ్లకోసారి మార్చేయండి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజన్‌లో కొంత పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తుంది. టర్బో బేరింగులు బతికేది ఆ ఆయిల్ మీదే.

స్పార్క్ ప్లగ్‌ల గురించి వివరంగా చెప్పుకోవాలి. హైవే మీద పై గేరులో పోతూ, ఎత్తు రాగానే యాక్సిలరేటర్ కాస్త తొక్కితే బండి వణుకుతుంది. చాలామంది గేర్‌బాక్స్ పోయిందనుకొని వేల డాలర్ల రిపేరుకు సిద్ధపడతారు. చాలాసార్లు అసలు దోషి ప్లగ్. వాడేకొద్దీ కొన అరిగి, నిప్పురవ్వ దూకాల్సిన సందు పెద్దదవుతుంది. బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) పెరిగితే సిలిండర్‌లో గాలి మరింత చిక్కబడుతుంది, దాన్ని దాటడానికి కాయిల్ వోల్టేజీ చాలదు. రవ్వ పడదు, బండి కుదుపుతుంది. అందుకే ట్యూన్ చేసేవాళ్లు కొత్త ప్లగ్‌లు వేసి సందును 0.028 అంగుళం దగ్గరకు తగ్గిస్తారు. పెట్టెలోంచి తీసిన ప్లగ్‌ను నమ్మి అలాగే బిగించకండి. ఒక్కోదాన్నీ గేజ్ పెట్టి కొలవండి. ఈ పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

మూడోది కొలతలు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్‌లో ఫోర్‌స్కాన్ లాంటి యాప్‌తో చూడవచ్చు. ఇంజన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రత, కూలెంట్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఉష్ణోగ్రతలు, నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) కారణంగా కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోంది అన్నవి రాసి పెట్టుకోండి. ట్రాన్స్‌మిషన్ 200 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర తిరగడం మామూలే. ఏ మార్పూ చేయకముందు ఈ అంకెలు మీ దగ్గర లేకపోతే, తర్వాత కొన్న ఏ పార్టు పనిచేసిందో తెలిసే దారి ఉండదు.

ఇప్పుడు డబ్బు పెట్టండి. మొదటి ఖర్చు ఇంటర్‌కూలర్ మీద. టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచేది ఇదే. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు తెలుసు, జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీలు దాటిన ఎండలో ట్రైలర్ కట్టుకొని ఎత్తు ఎక్కితే బండి ఎలా నీరసపడుతుందో. వేడి గాలి చూసి కంప్యూటరే బలం తగ్గిస్తుంది. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే ఉన్న బలమే చివరిదాకా నిలుస్తుంది. బార్ అండ్ ప్లేట్ రకం బరువు ఎక్కువ, కానీ వేడిని ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. ట్రైలర్ లాగేవాళ్లకు నేను దాన్నే సూచిస్తాను.

ఆయిల్ ఆవిరిని పట్టి ఉంచే ఆయిల్ క్యాచ్ క్యాన్ రెండో స్థానంలో ఉంటుంది. ఈ ఇంజన్‌లో వాల్వుల వెనకవైపు పెట్రోల్ తగలదు కాబట్టి ఆయిల్ ఆవిరి అక్కడ మసిగా పేరుకుంటుంది. 2017లో వచ్చిన రెండో తరానికి పోర్ట్ ఇంజక్షన్ కూడా చేర్చడంతో ఈ బాధ తగ్గింది. క్యాన్ మసిని పూర్తిగా ఆపదు, తగ్గిస్తుంది. దాన్ని ఖాళీ చేస్తూ ఉండాలి. గడ్డకట్టే చలి ఉన్న రాష్ట్రాల్లో మరీ తరచుగా.

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌కు తొందర లేదు, కంపెనీ ఇచ్చిన పేపర్ ఫిల్టర్ సరిపోతుంది. చప్పుడు చేసే బ్లో-ఆఫ్ వాల్వ్ బలం ఇవ్వదు. పెద్ద టర్బోలు కొత్తవాళ్ల పని కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తామనే షాపులో అడుగు పెట్టకండి. అది ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, పైగా పాడయ్యేది మన పిల్లలు పీల్చే గాలి. కాలిఫోర్నియాలోనైతే పార్టు మీద అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉందో లేదో చూసి కొనండి. వేరే రాష్ట్రంలో ఉన్నా ఆ నంబరున్న పార్టుకే మొగ్గు చూపండి.

చివరికి ట్యూన్. సెన్సర్ వైరు మధ్యలో పెట్టే చిన్న పెట్టెలు చవక, కానీ అవి బూస్ట్ తక్కువగా ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పి పని చేయించుకుంటాయి. అసలు ఒత్తిడి ఎంతో ఇంజన్‌కు తెలియదు. వాటి జోలికి పోకండి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌నే మార్చే ట్యూన్ తీసుకోండి. మీ ఊళ్లో దొరికే పెట్రోల్‌కు తగింది అడగండి. టెక్సస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది, కాలిఫోర్నియాలో 91తో సరిపెట్టుకోవాలి. 93 కోసం రాసిన ట్యూన్‌తో 87 పోసి ట్రైలర్ లాగితే పిస్టన్ పగలవచ్చు. ట్రైలర్ కట్టేవాళ్లు ‘టో’ ట్యూన్ విడిగా అడగాలి. డబ్బు ఇచ్చేముందు ట్యూనర్‌ను మరో రెండు అడగండి: నేను పంపే లాగ్‌లు (కొలతల రికార్డులు) చూసి సరిదిద్దుతారా? నా బండి అసలు ఫైల్ నాకు ఇస్తారా? ఆ ఫైల్‌ను రెండు చోట్ల దాచుకోండి. ట్యూన్ ఎక్కించాక, మునుపు కొలిచిన దారిలోనే, అలాంటి ఎండలోనే మళ్లీ నడిపి కొలవండి. టైమింగ్ మునుపటికన్నా ఎక్కువ వెనక్కి పోతుంటే అసలు ఫైల్ వేసేసి, ఆ లాగ్‌ను ట్యూనర్‌కు పంపండి.