గ్రంథాలయ చిత్రములలో వైద్యగ్రంథము – చదువవలసిన తీరు

ప్రాచీన వైద్యగ్రంథముల వ్రాతప్రతులు పూర్వము కొలదిమంది పండితులకు మాత్రమే అందెడివి. నేడు విశ్వవిద్యాలయ గ్రంథాలయములు అట్టి ప్రతులను చిత్రములుగా తీసి, కంప్యూటరు ద్వారా అందరికిని చూపుచున్నవి. ఇది వైద్యవిద్యకు గొప్ప ఉపకారము. అయినను, చిత్రమున చూచిన యోగమును ఇంట తయారుచేయబూనుట ప్రమాదకరము. కారణములను తెలిసికొందము.

ఆక్స్‌ఫర్డులోని భూర్జపత్రములు

1890లో మధ్య ఆసియాలోని కుచా ప్రాంతమున బోవర్ అను ఆంగ్ల సైనికాధికారికి ఒక సంస్కృత ప్రతి లభించెను. భూర్జపత్రములపై గుప్తలిపిలో వ్రాసిన ఆ ప్రతి యందు 51 పత్రములు గలవు. హెర్న్‌లే పండితుడు దానిని పత్రముల ఛాయాచిత్రములతో సహా 1893 నుండి 1912 వరకు ప్రకటించెను. మూలప్రతి 1898 నుండి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు బోడ్లియన్ గ్రంథాలయమున ఉన్నది. సుశ్రుతుడు అడుగగా కాశీరాజు చెప్పిన వెల్లుల్లి గుణములతో అది ఆరంభమగును. రెండవ భాగము 'నావనీతకము' అను యోగసంగ్రహము.

ఇట్టి పెళుసైన పత్రములను మాటిమాటికి తాకరాదు. అందుచేతనే గ్రంథాలయములు కొన్నింటిని అద్దాల పెట్టెలలో ప్రదర్శించి, మరికొన్నింటిని చిత్రముల రూపమున అందించుచున్నవి. బోడ్లియన్ వారు 2015లో విశేష సంగ్రహములకై వెస్టన్ భవనమును ప్రజలకు తెరచిరి. ఆ ఏడే 'డిజిటల్ బోడ్లియన్' పేర తమ చిత్రములను ఒకచోట చేర్చిరి.

చిత్రము వలన లాభమేమి?

లేఖకుని చేతిలో ఒక అక్షరము మారిన, మందే మారును. సంస్కృతమున 'అమృతా' యనిన తిప్పతీగ. కరక్కాయకును ఆ పేరు కలదు. 'అమృతం' అను పేరు రసగ్రంథములలో వత్సనాభికి చెల్లును. అది తీవ్రమైన విషము. భేదము ఒక దీర్ఘము, ఒక సున్న మాత్రమే. పలు ప్రతుల చిత్రములను పక్కపక్కన ఉంచి పోల్చినచో సరియైన పాఠము నిర్ణయింపవచ్చును. చిత్రముల ముఖ్యప్రయోజనమిది.

చిత్రమున కనబడనివి

మొదటిది, కొలత. శార్ఙ్గధరుడు మాగధము, కాళింగము అని రెండు మానములు చెప్పెను. నేటి లెక్కలో పలము 48 గ్రాములు. కుడవము మొదలుకొని ద్రవములను రెట్టింపు గ్రహింపవలెననునది పరిభాష. యోగము చెప్పు శ్లోకమున ఆ మాట ఉండదు.

రెండవది, శుద్ధి. వత్సనాభి వంటి ద్రవ్యములను శోధింపక వాడరాదు. ఆ విధి వేరొక గ్రంథమున ఉండవచ్చును.

మూడవది, రోగి. వెల్లుల్లి ఉష్ణము, తీక్ష్ణము. పిత్తప్రకృతి గలవారికి సరిపడదు. రక్తమును పలుచబరచు మందులు వాడువారు దానిని అధికముగా తినినచో రక్తస్రావ భయము కలదు.

కావున గృహస్థులు ఈ చిత్రములను తప్పక చూడవలెను, పిల్లలకు చూపవలెను. నచ్చిన యోగము కనబడినచో ప్రతి పేరు, పత్రసంఖ్య వ్రాసికొని తమ వైద్యుని అడుగవలెను. మూలిక, మోతాదు, అనుపానము ఆయన నిర్ణయించిన పిమ్మటనే సేవింపవలెను. పత్రము శాస్త్రమునకు సాక్ష్యము. అది మందుచీటి కాదు.