వడ్డీ కూడా వ్యాపారమేనా? మంతిఖ్ పాఠం

“వ్యాపారంలోనూ లాభం వస్తుంది, వడ్డీలోనూ లాభం వస్తుంది. మరి రెండూ ఒకటే కదా?” మిగిలిన నాలుగు రూపాయలు ఎవరికైనా నూటికి రెండు చొప్పున ఇద్దామనుకున్నప్పుడు మన ఇళ్ళలో వినిపించే ప్రశ్న ఇది. కొత్తదేమీ కాదు. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 275వ ఆయత్‌లో వడ్డీ తినేవారి నోట ఈ వాదననే ప్రస్తావించి, అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడనీ, వడ్డీని నిషేధించాడనీ స్పష్టం చేసింది. విశ్వాసికి ఆ తీర్పు చాలు. అయితే వాదనలో లోపం ఎక్కడుందని ఇంట్లో కుర్రవాడు అడిగితే చెప్పడానికి మంతిఖ్ (తర్కశాస్త్రం) పదాలు కొన్ని తెలిసి ఉండాలి.

ఒక వస్తువు గురించి ఔననీ కాదనీ తేల్చకుండా మనసులో కలిగే భావన ‘తసవ్వుర్’. ‘వడ్డీ’ అనగానే కలిగేది తసవ్వుర్. ‘వడ్డీ నిషిద్ధం’ అని నిర్ణయిస్తే అది ‘తస్దీఖ్’. భావన తప్పయితే నిర్ణయమూ తప్పుతుంది. కనుక ముందు ‘తారీఫ్’, అంటే నిర్వచనం, సరిచూసుకోవాలి. అది ‘జామె’గా ఉండాలి, చెందినవన్నీ లోపలికి రావాలి. ‘మానె’గా ఉండాలి, చెందనివి బయటే ఆగాలి. ‘వడ్డీ అంటే అధిక లాభం’ అన్నామనుకోండి. బట్టల కొట్టు లాభం కూడా లోపలికి వచ్చేస్తుంది, నూటికి అర్ధరూపాయి వడ్డీ బయటికి జారిపోతుంది. రెండు విధాలా చెడిన నిర్వచనమిది! ఇచ్చిన అప్పుపై షరతుగా తీసుకునే అదనం అంటే, అప్పు వడ్డీ వరకు సరిపోతుంది.

ఇక ‘ఖియాస్’. సారా మత్తు కలిగిస్తుంది (సుగ్రా). మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధం (కుబ్రా). కనుక సారా నిషిద్ధం (నతీజా). రెండు వాక్యాలనూ కలిపి, ఫలితంలో కనబడకుండా పోయిన ‘మత్తు కలిగించేది’ అన్నదే ‘హద్దె ఔసత్’. కొండమీద పొగను చూసి నిప్పుందని చెప్పే మన తర్కంలో పొగను హేతువంటారే, అదే స్థానం దీనిది. ఫిఖహ్‌లోని ఖియాస్ వేరు, దానిని మంతిఖ్‌లో ‘తమ్సీల్’ అంటారు. కొత్త విద్యార్థులు ఇక్కడే తికమకపడతారు.

ఇప్పుడు మొదటి వాదన చూద్దాం. ‘లాభం ఇచ్చేది’ అన్న హద్దె ఔసత్ రెండు వాక్యాల్లోనూ చివరనే ఉంది. ఇది ‘షక్లె సానీ’. ఇందులో ఫలితం రావాలంటే ఒక వాక్యం ‘మూజిబా’ (ఉందనేది), మరొకటి ‘సాలిబా’ (లేదనేది) కావాలి, కుబ్రా అన్నింటికీ వర్తించాలి. ఇక్కడ రెండూ మూజిబాలే. ఆవుకు నాలుగు కాళ్ళున్నాయి, మంచానికీ నాలుగు కాళ్ళున్నాయి. అంతమాత్రాన మంచం కింద చెంబు పెట్టి పాలు పితుకుతామా?

ఇమామ్ గజాలీ (మరణం 1111) తన ‘ముస్తస్ఫా’ ఆరంభంలోనే ఈ శాస్త్రాన్ని చేర్చారు. ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం 1328) దీనిని ఖండిస్తూ ఒక గ్రంథమే రాశారు. మన దృష్టిలో ఇది పనిముట్టు మాత్రమే, హలాల్ హరామ్‌లను నిర్ణయించేది కాదు. పనిముట్టును సరిగా పట్టుకుంటే అదే షక్లె సానీలో జవాబు కూడా దొరుకుతుంది: వడ్డీ అప్పులో సొమ్ము ఏమైపోయినా ఆ నష్టం ఇచ్చినవాడిది కాదు, అసలు తిరిగి రావలసిందే. ప్రతి వ్యాపారంలోనూ అమ్ముడుపోయేదాకా సరుకు నష్టం వ్యాపారిదే. కనుక వడ్డీ వ్యాపారం కాదు.