ముతక ముద్రణలో నూతన గానము: అండమాను దీవుల ఆధారముగ ఒక పరిశీలనము

పాటను సేకరించువానికి రెండు కష్టములు కలవు. పాట యెక్కడ పుట్టుచున్నదో తెలిసికొనుట మొదటిది. చేతికి వచ్చిన ముద్రణలో పాట యెంత, యంత్రదోష మెంత యని వేరుపరచుట రెండవది. జానపదగేయ పరిశోధకులకు ఈ రెండును చిరపరిచితములే. నేడు నగరములలో నలుగురైదుగురు యువకులు ఒక గదిలో చేరి, తామే పాట కట్టి, తామే వాయించి, ఫోనులోనో చిన్న యంత్రములోనో ముద్రించి లోకమునకు విడుచుచున్న గానము విషయమునను అంతటి శ్రద్ధయే అవసరము.

ఇట్టి గానమునకు 'లో-ఫై' యనియు, ఇట్టి బృందములకు 'ఇండీ' బృందములనియు పేళ్ళు. మూలధ్వనిని యథాతథముగ వినిపించునది హై-ఫై. దానికి ఎదురైనది లో-ఫై. తెలుగున దీనిని ముతక ముద్రణ యనవచ్చును. ముతక బట్టలో నూలుపోగు కంటికి కనబడునట్లే, ముతక ముద్రణలో పాట తయారైన తీరు చెవికి వినబడును. సంగీతవ్యాపార సంస్థల పెట్టుబడిపై ఆధారపడక, స్వతంత్రముగ పాటలు వెలువరించునది ఇండీ బృందము.

ఈ పద్ధతి చరిత్ర దీర్ఘమైనది కాదు. 1979లో టాస్కాము సంస్థ పోర్టాస్టూడియో యను యంత్రమును తెచ్చెను. సాధారణమైన క్యాసెట్టు టేపును నాలుగు దారులుగ విభజించి, ఒక్కొక్క దారిలో ఒక్కొక్క గొంతునో వాద్యమునో విడివిడిగ ముద్రించుటకు అది వీలు కల్పించినది. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంట ఇట్టి యంత్రముపై ముద్రించిన పాటలే 'నెబ్రాస్కా' యను సంపుటముగ వెలువడినవి. ఆ దశకముననే డేనియల్ జాన్‌స్టన్ చవుక టేపురికార్డరుపై పాడి, ఆ క్యాసెట్లను ఆస్టిన్ నగరమున ఎదురైనవారికి తానే పంచెను. 1986లో డబ్ల్యు.ఎఫ్.ఎమ్.యు. అను అమెరికా రేడియో కేంద్రమున విలియం బెర్గర్ ఇంటి ముద్రణలకే ప్రత్యేకించి ఒక కార్యక్రమము నడపుటతో లో-ఫై యను మాట వ్యాప్తి చెందినది. భారతదేశమున 1902లో కలకత్తాలో గ్రామఫోను ముద్రణ ఆరంభమైన నాటినుండి కొలది సంస్థల చేతనున్న అధికారము, 1980 తరువాత క్యాసెట్టు మూలమున చిన్న ఊళ్ళకు చేరిన తీరును పీటర్ మాన్యుయెల్ 1993 నాటి తన గ్రంథమున ఉత్తరభారత నిదర్శనములతో వివరించెను.

ఈ చర్చకు అండమాను దీవులను ఎన్నుకొనుటకు బలమైన కారణము కలదు. తన పాట తానే కట్టుట అక్కడ నిన్న మొన్నటి పోకడ కాదు. 1906 మొదలు 1908 వరకు ఆ దీవులలో పరిశోధన చేసి 1922లో గ్రంథము వెలువరించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, అండమాను ఆదివాసులలో ప్రతి పురుషుడును తన పాటలు తానే కట్టుకొనుననియు, నాట్యసభలో ఒకరి పాట మరొకరు పాడరనియు వ్రాసెను. పడవ తొలుచునపుడో విల్లు చెక్కునపుడో మనిషి పాటను మెల్లగ తనలో పాడుకొని సరిచేసికొనును. అది కుదిరినదని తోచిన పిమ్మట స్త్రీలకు నేర్పును. వారు తొడలపై చేతులతో తాళము వేయుచు వంత పాడుదురు. డాలు ఆకృతిగల చెక్కపై కాలితో తన్ని లయ నడుపుదురు. అంతకుముందే 1888లో పోర్టుమన్ ఈ గానముపై రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను.

ఎవరి పాట వారిదే యను ఈ నియమమునందు ఒక ప్రమాదము ఇమిడియున్నది. మరొకరు పాడని పాట కట్టినవానితోనే పోవును. 2010 జనవరిలో బోవా సీనియర్ అను వృద్ధస్త్రీ మరణముతో బో భాష మాటలాడువారు లేకపోయిరి. ఆమె మాటను, పాటను ఆచార్య అన్విత అబ్బి అంతకుముందే ముద్రించియుండుటచేతనే అవి నేడు వినవచ్చుచున్నవి. 2021లో అబ్బి ప్రకటించిన గ్రంథమున గ్రేట్ అండమానీయుల 10 కథలును, 46 పాటలును చేరినవి. ఇట్టి క్షేత్రముద్రణలు నిశ్శబ్దమైన స్టూడియోలలో చేయబడినవి కావు. నాణ్యము చాలదని వానిని త్రోసివేసినచో ఆ భాషలకు మిగులు సాక్ష్యము అత్యల్పము.

ఇక నేటి నగరము. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు, 2011 జనగణన నాటికి సుమారు లక్ష జనాభాగల పట్టణము. ఆ జనగణన ప్రకారము దీవుల జనాభాలో బంగాళీ మాతృభాషగ గలవారు నూటికి సుమారు 28, హిందీ 19, తమిళము 15, తెలుగు 13 మంది. తెలుగువారిలో శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వెళ్ళిన మత్స్యకార కుటుంబములవారు అనేకులు. ఇన్ని భాషలవారిని కలుపు వాడుకభాష హిందీ. ఇట్టి ఊరిలో ఒక బృందము ఏర్పడినచో, గిటారు వాయించు నికోబారీ యువకునికి చర్చి బృందగానము, పాడువానికి సినిమా పాట, డోలు వాయించువానికి దుర్గాపూజ పందిరి మొదటి బడి కాగలదు. ఆ ముగ్గురు ఏ భాషలో పాట కట్టుదురనునదియే భాషాపరిశోధకుని ప్రశ్న.

ముద్రణ రూపమును సాంకేతిక పరిస్థితులును నిర్ణయించినవి. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ తంత్రి ప్రారంభమగు వరకు దీవుల అంతర్జాలము ప్రధానముగ ఉపగ్రహములపై ఆధారపడియుండెను. ఆ యిరుకు దారిలో పెద్ద ధ్వనిపత్రమును పంపుట ప్రయాసము. కుదించిన పత్రమే సుకరము. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ప్రదేశమున, రేకుల కప్పుక్రింద ముద్రించిన పాటలో వాన వినబడక తప్పదు. వ్యాపారి దానిని దోషమనును. పరిశోధకునికి అది పాట పుట్టిన స్థలమును చెప్పు గుర్తు.

అయితే ముతక ముద్రణను ఆదరించుట వేరు, దానిని గ్రుడ్డిగ నమ్ముట వేరు. ఉత్తరాంధ్ర తీరపు పలుకుబడిలో 'వెళ్ళు' అనునది 'ఎల్లు' అగును. ళకారము లకారముగను, శకారము సకారముగను పలుకబడుట కలదు. పోర్టుబ్లెయిరు తెలుగు యువకుని పాటలో సకారము వినబడినంతనే అది తాతల నాటి మాండలికమని నిశ్చయింపరాదు. ఊష్మధ్వనుల శక్తి ఎక్కువ భాగము హెచ్చు పౌనఃపున్యములందుండును. టేపు, చవుక మైకు, అతిగా కుదించిన ధ్వనిపత్రము మొట్టమొదట కోతపెట్టునవి ఆ పౌనఃపున్యములనే. కావున శ, స భేదము యంత్రమున చెడినదా, నోట చెడినదా యని తేల్చుటకు అదే గాయకుని మాటను ఎదుట కూర్చుండి వినవలెను. పదాదిని వకారలోపము అట్లు కాదు. 'వె'కు 'ఎ'కు గల భేదము నిలుచుట కా హెచ్చు పౌనఃపున్యములు అంతగ అక్కరలేదు. ముతక ముద్రణలోను అది కొంత నమ్మదగిన సాక్ష్యము. ఫోనులలోని స్వయంచాలక నియంత్రణము మెల్లని ధ్వనిని పెంచి, పెద్ద ధ్వనిని తగ్గించును గాన, ఊనికనుబట్టి చేయు నిర్ణయములందును జాగ్రత్త వహింపవలెను.

నూతన బృందములను కనుగొనువాడు పేరుగాంచిన వేదికలయొద్దనే ఆగరాదు. ప్రతి సంవత్సరపు ఉత్సవములలో తరచు వినబడునవి జనులెరిగిన సినిమా పాటలు. పరుల పాటను చక్కగ పాడు బృందమునకును, స్వంత పాట కట్టు బృందమునకును గల భేదమును మొదట గుర్తింపవలెను. ఈ రెండవ తెగవారు కళాశాల వార్షికోత్సవమున చివర పాడు ఒక్క పాటలోనో, చర్చి సాధనశాలలోనో, మిత్రుల నడుమ చేతులు మారు ధ్వనిపత్రములోనో కనబడుదురు. దొరికిన పాటకు తాళపత్రగ్రంథపు గద్యవలె వివరములు చేర్చవలెను. కట్టినవారెవరు, పాడినవారెవరు, ఏ తేదీన, ఏ గదిలో, ఏ యంత్రముపై ముద్రించిరి, ఏ చరణము ఏ భాషలో నున్నది, సభలో పాడినపుడు పాఠము మారినదా అనునవి అందు ముఖ్యములు. ముద్రితపాఠమును సభాపాఠమును ప్రక్కప్రక్కనుంచి చూచినచో, శ్రోతలనుబట్టి గాయకుడు ఏ భాషవైపు మొగ్గెనో తెలియును.

తెలుగున ఇట్టి సేకరణకు పునాది యున్నది. 1874లో జె. ఏ. బోయిల్ తెలుగు వీరగాథలపై వ్యాసము ప్రకటించెను. బిరుదురాజు రామరాజు సిద్ధాంతగ్రంథము 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో వెలువడి జానపదగేయములకు విశ్వవిద్యాలయములలో స్థానము కల్పించెను. వారి కాలమున ఆ గేయములను పామరుల పాటలని చులకన చేసినవారు లేకపోలేదు. నేడు హైదరాబాదున 'చౌరస్తా' వంటి బృందము గిటారు సంగీతమున తెలుగు నుడికారమును నిలిపి పేరొందినది. ఆ బృందమున పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు', 2023లో 'బలగం' చిత్రములలో పాడి సినిమా శ్రోతలకును దగ్గరయ్యెను. సినిమా గ్రహించిన గాయకుని పాట నిలుచును. సినిమా నీడ సోకని దీవిలోని బృందమునకు ఆ రక్షణ లేదు.

అంతర్జాలములో నున్నది గదా, పోదని తలచుట పొరపాటు. స్వతంత్ర గాయకులకు ఒకనాడు ఆశ్రయమైన మైస్పేసు, తన యొద్ద భద్రపరచిన పాత ధ్వనిపత్రములు నశించినవని 2019లో ఒప్పుకొనెను. నష్టపోయినవి సుమారు 5 కోట్ల పాటలని అంచనా. అండమాను ఆదివాసి పాట కట్టినవానితో పోయినట్లే, నేటి యువకుని పాట అతడు ఫోను మార్చిన దినమున పోవచ్చును.

కావున దీవులలోను, ఇతర రాష్ట్రములలోను తెలుగు బోధించు శాఖలు చేయదగిన పని స్పష్టము. విద్యార్థులలోనే ఇట్టి బృందములవారుందురు. వారి అనుమతితో, వివరపత్రముతో, మూలముద్రణను మెరుగుపెట్టక యథాతథముగ రెండు చోట్ల భద్రపరచవలెను. మెరుగుపెట్టిన ప్రతి వినుటకు ఇంపుగ నుండవచ్చును. కాని వానచప్పుడుతోపాటు ఊష్మధ్వనులును అందు తుడిచిపెట్టుకొని పోవును. పాఠపరిష్కర్తకు మూలప్రతి యెట్టిదో, ఈ శోధకునికి ముతక ముద్రణ అట్టిది.