వెజ్‌లే అబ్బే చర్చి: వెలుగు, బరువు, ఒంగిన గోడలు

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో ఒక కొండ మీద వెజ్‌లే అనే చిన్న ఊరుంది. ఊరి వీధి పైకి ఎక్కీ ఎక్కీ ఒక పెద్ద చర్చి ముందు ఆగుతుంది. మేరీ మాగ్దలీన్ పేరు మీద బెనెడిక్టైన్ సన్యాసులు కట్టించుకున్న చర్చి అది. మఠానికి చెందినది కాబట్టి అబ్బే చర్చి అంటారు.

యూరప్ చర్చి అనగానే మనలో చాలామందికి ప్యారిస్ నోత్రదామ్ గుర్తొస్తుంది. కానీ స్ట్రక్చర్స్ చదివేవాళ్లు ముందు వెజ్‌లే చూడాలని నా అభిప్రాయం. నోత్రదామ్‌లో లెక్క కుదిరింది. ఇక్కడ కుదరలేదు. కుదరకపోతే ఏమవుతుందో ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది.

1120లో పాత చర్చి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మాగ్దలీన్ అవశేషాలు ఇక్కడే ఉన్నాయని జనం నమ్మకం, అందుకని యాత్రికులు బాగా వచ్చేవారు. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రకి బయల్దేరే ముఖ్యమైన చోట్లలో ఇదొకటి. కాబట్టి కొత్తది వెంటనే మొదలైంది, 1140 నాటికల్లా మధ్య హాలు దాదాపు పూర్తయింది. ఈ మధ్య హాలునే నేవ్ అంటారు.

లోపలికి నేరుగా వెళ్లలేం. ముందు నార్థెక్స్ అనే మండపం వస్తుంది. కొంచెం చీకటిగా ఉంటుంది. అక్కడి నుంచి నేవ్‌లోకి వెళ్లే పెద్ద ద్వారం పైన అర్ధచంద్రాకారంలో ఒక శిల్పం ఉంది. మధ్యలో క్రీస్తు, ఆయన చేతుల నుంచి శిష్యుల మీదికి కిరణాలు. కింద వరసలో మాత్రం శిల్పి మహా సరదా పడ్డాడు. లోకం అంచుల్లో ఉంటారని అప్పట్లో అనుకున్న మనుషుల్ని చెక్కాడు: చేటలంత చెవులవాళ్లు, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కే మరుగుజ్జులు. ఆ పైన కుక్క తలల మనుషులు కూడా ఉన్నారు.

ద్వారం దాటితే ఒక్కసారిగా వెలుతురు. పది బేల పొడవున హాలు, ఒక్కో బేకీ మధ్య అడ్డంగా ఒక అర్ధవృత్తపు ఆర్చి. ఆర్చిల్లో ఒక తెల్ల రాయి, ఒక గోధుమరంగు రాయి మార్చి మార్చి పేర్చారు. అటూ ఇటూ స్తంభాల తలల మీద, అంటే కాపిటల్స్ మీద, అన్నీ కథలే. వాటిలో ఒకటి పిండి మర. పాత నిబంధనకి చెందిన మోషే పైనుంచి ధాన్యం పోస్తుంటే, కొత్త నిబంధనకి చెందిన పాల్ కింద సంచిలో పిండి పడుతున్నాడు. పాత గ్రంథం మరలో పడి కొత్త గ్రంథంగా వస్తోందన్నమాట. చదువు రాని యాత్రికుడికి ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

ఆ వెలుతురు పైవరస కిటికీల నుంచి వస్తుంది. జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు, దక్షిణపు కిటికీల నుంచి పడే వెలుగు మచ్చలు నేవ్ నట్టనడుమ వరసగా నిలుస్తాయి, దారిలో పరిచిన రాళ్లలాగా. ఇందులో మాయ లేదు, ట్రిగొనామెట్రీ ఉంది. వెజ్‌లే అక్షాంశం దాదాపు 47.5 డిగ్రీలు. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 - 47.5 + 23.5, అంటే 66 డిగ్రీలు. పది మీటర్ల ఎత్తున్న కిటికీ అనుకోండి, వెలుగు గోడ నుంచి నాలుగున్నర మీటర్ల దూరంలో నేల మీద పడుతుంది. డిసెంబరులో సూర్యుడు 19 డిగ్రీలే లేస్తాడు. అప్పుడు వెలుగు నేలదాకా దిగనే దిగదు, ఎదురుగా ఉత్తరం వైపు పై కాపిటల్స్ మీద పడుతుంది.

ఇక ఆ కిటికీల ఖరీదు సంగతి.

అప్పటి పెద్ద చర్చిల్లో పైకప్పు ఎక్కువగా బ్యారెల్ వాల్ట్, అంటే పీపాని నిలువుగా కోసి బోర్లించినట్టు. అది గోడ పొడవునా అంతటా తోస్తుంది కాబట్టి గోడ లావుగా ఉండాలి, పెద్ద కిటికీలు పెట్టడం కష్టం. వెజ్‌లే మేస్త్రీలు గ్రాయిన్ వాల్ట్ ఎంచుకున్నారు. రెండు పీపాలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటే వచ్చే ఆకారం అది. బరువంతా నాలుగు మూలలకి దిగుతుంది, మధ్యలో గోడకి పని తగ్గుతుంది, అక్కడ కిటికీ పెట్టుకోవచ్చు. అద్భుతమైన ఆలోచన!

కానీ మూలకి దిగిన బరువు నిట్టనిలువుగా దిగదు. గోడకి ఆనించిన నిచ్చెన ఎక్కితే దాని కాలు నున్నటి నేల మీద బయటికి జారుతుంది కదా, ఆర్చి రెండు పాదాలూ అలాగే బయటికి తంతాయి. ఆ తన్నుకి ఎదురుగా ఏదో ఒకటి నిలబడాలి. ఇక్కడ పక్క నడవాలు పొట్టిగా ఉన్నాయి, వాటి కప్పుకి పైన ఎత్తుగా లేచిన నేవ్ గోడ ఒంటరిగా మిగిలిపోయింది. గోడ పైభాగం మెల్లగా బయటికి ఒరిగింది. పాదాలు దూరం జరిగితే ఆర్చి నడినెత్తి దిగుతుంది. అర్ధవృత్తంగా కట్టినవి కాస్తా చదునైన ఆర్చిలయ్యాయి. బయటి నుంచి ఆసరా ఇచ్చే ఫ్లయింగ్ బట్రెస్‌లు తర్వాతి కాలంలో చేర్చినవి.

అలాంటి చర్చిని పడగొట్టి గోథిక్‌లో కొత్తది ఎందుకు కట్టలేదు? నాకు తోచిన కారణం డబ్బు. 1279లో అసలు అవశేషాలు మా దగ్గర దొరికాయని ప్రొవాన్స్‌లోని సాఁ మాక్సిమాఁ వాళ్లు ప్రకటించారు. వెజ్‌లేకి యాత్రికులు తగ్గిపోయారు, ఆదాయమూ పోయింది. బీదతనమే నేవ్‌ని కాపాడిందనిపిస్తుంది.

కాపాడింది కానీ బాగుచేయలేదు. 1834లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ ప్రోస్పర్ మెరిమే వచ్చి చూశాడు ('కార్మెన్' కథ రాసిన మెరిమేయే). లోపల కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే చుట్టూ చిన్న చిన్న రాళ్లు రాలుతూనే ఉన్నాయని రాశాడు. 1840లో ఈ పని వియొలే-ల్-డ్యూక్ చేతికొచ్చింది. అప్పటికి అతని వయసు 26. ప్యారిస్‌లో పేరున్న ఆర్ట్ స్కూల్లో చేరనని మొండికేసిన కుర్రాడు. దాదాపు రెండు దశాబ్దాలు పని నడిచింది. బట్రెస్‌లు కొత్తగా కట్టాడు, వాల్ట్‌లు విప్పి మళ్లీ కట్టాడు, పాడైన కాపిటల్స్ స్థానంలో నకళ్లు పెట్టాడు. చర్చి నిలబడింది. ఆ పని చేయకపోతే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. నేవ్ చివరి వాల్ట్‌లని మధ్యయుగంలోనే గోథిక్ పద్ధతిలో మళ్లీ కట్టారు. వాటిలో కొన్నింటిని ఆయన తీసేసి, మిగతా హాలుతో కలిసేలా పాత పద్ధతిలో కట్టాడు. బట్రెస్ పెట్టడం అవసరం, కాదనలేం. కానీ ఆ గోథిక్ వాల్ట్‌లు కూడా ఆ చర్చి చరిత్రే. ఒక తరం మేస్త్రీలు ముందు తరం సమస్యని చూసి ఇచ్చిన జవాబు. చూడ్డానికి ఒకేలా ఉండాలని దాన్ని చెరిపేయడం రిపేరు కిందికి రాదు.

ఆ జవాబు పూర్తిగా కనిపించేది చర్చి తూర్పు కొసన ఉన్న క్వాయర్‌లో, అంటే సన్యాసులు కూర్చుని ప్రార్థన చేసే భాగంలో. 12వ శతాబ్దం చివర్లో గోథిక్ శైలిలో కట్టారు. రెండు రంగుల ఆర్చిలు లేవు, అంతా తెల్లటి రాయి. కోసు ఆర్చిలు, రాతి రిబ్బులు, సన్నటి స్తంభాలు, నేవ్‌లోకన్నా ఎక్కువ వెలుగు. కోసు ఆర్చి అర్ధవృత్తంకన్నా తక్కువగా పక్కకి తోస్తుంది. ఫొటో దొరికితే నేవ్ మధ్య నుంచి తూర్పుకి తీసినది చూడండి. ముందు చదునుగా సాగిపోయిన చారల ఆర్చిలు, వాటి వెనకాల నిటారుగా తెల్లటి క్వాయర్, రెండూ ఒకే ఫ్రేములో ఉంటాయి.