ఎడం చేతికీ కాస్త పని చెబుదాం

గబగబా వంటింట్లోకి వెళ్లి, తీరా అక్కడ నిలబడి "ఇంతకీ ఎందుకొచ్చాను?" అనుకోవడం ఈమధ్య ఎక్కువైందా? తెలిసిన మనిషి పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతోందా? పైకి నవ్వేసినా, అప్పుడే మతిమరుపు మొదలైందేమోనని లోపల బెంగపడుతూనే ఉంటాం మనం. సరిగ్గా అలాంటప్పుడే ఫోన్లో ఎవరో ఒక సలహా పంపిస్తారు. ఎడం చేత్తో రాయండి, ఎడం చేత్తో పళ్లు తోముకోండి, మెదడు చురుకెక్కుతుంది అని. నిజమేనంటావా? కొంత నిజం, కొంత అతి. టీ చల్లారకముందే తేల్చేద్దాం, ఇలా కూర్చో.

మన కుడి చేతిని నడిపించేది ముఖ్యంగా మెదడు ఎడమ సగం, ఎడం చేతిని నడిపించేది కుడి సగం. ఏళ్ల తరబడి ఒకే చేత్తో చేసిన పనికి మనం పెద్దగా ఆలోచించం. అదే పని రెండో చేతికి అప్పగిస్తే మెదడు మళ్లీ ఆచితూచి చేయాల్సి వస్తుంది. రోజూ చేయిస్తే ఆ చెయ్యి ఆ పనిలో కుదురుకుంటుంది. వయొలిన్ లాంటి తీగ వాద్యాలు వాయించేవాళ్ల మీద 1995లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తీగల మీద ఆడే ఎడం చేతి వేళ్లను తాకినప్పుడు వాళ్ల మెదడు మామూలు వాళ్లకంటే గట్టిగా స్పందించిందట. చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ.

అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎడం చేత్తో బ్రష్ చేస్తే బాగా వచ్చేది బ్రష్ చేయడమే. దాంతో సరుకుల చిట్టా గుర్తుంటుందని, తెలివి పెరుగుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు.

మరి ఇంత తంటా ఎందుకంటావా? కుడి మణికట్టు బెణికిందనుకో, తల దువ్వుకోవడానికి కూడా ఇంకొకరిని పిలవాలి. ఎడం చేతికి కాస్త అలవాటుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. అమెరికాలో పరిశోధకులు సినిమా చూసేవాళ్లకు పాప్‌కార్న్ ఇచ్చి గమనించారు. సినిమా చూస్తూ తినడం బాగా అలవాటున్నవాళ్లు మెత్తబడిపోయిన పాప్‌కార్న్‌ని కూడా తింటూనే పోయారు. అలవాటు లేని చేత్తో తినమన్నప్పుడు మాత్రం అంత తినలేదు. టీవీ ముందు డబ్బాడు మిక్చర్ మన ప్రమేయం లేకుండానే అయిపోతోందా? ఎడం చేత్తో తింటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరులే, చెంచా వాడు. లేదా ఫోన్ దగ్గర మొదలుపెట్టు. ఎడం బొటనవేలితో జరుపుతుంటే, ఎందుకు జరుపుతున్నామో కాస్తయినా స్పృహలోకి వస్తుంది.

ముందు ఒక్క పనే ఎంచుకో చెల్లీ. బ్రష్ అయితే సులువు. మొదట్లో చెయ్యి కదలదు, దానికి బదులు తల ఊగుతుంది. మోచెయ్యి చెవిదాకా లేస్తుంది, నురగ గడ్డం మీదికి కారుతుంది. అద్దంలో చూసి నవ్వుకో, పరవాలేదు. పళ్లు సరిగ్గా శుభ్రపడలేదనిపిస్తే చివర్లో కుడి చేతికి ఇచ్చెయ్యి. అది కుదిరాక పప్పు కలపడం, బట్టలు మడతపెట్టడం, కాగితం మీద నీ పేరు రాయడం. కత్తిపీట, కాగే నూనె, స్కూటీ దగ్గర మాత్రం ఈ ప్రయోగాలొద్దు. పూలమాల కట్టడం, జడ అల్లడం, కోలాటం వచ్చా? వాటిలో రెండు చేతులకూ ఎలాగూ పని ఉంటుంది, మానకు.

నీది ఎడమ చేతి వాటమైతే ఇదంతా తిరగేసుకో. ఇంట్లో పిల్లలెవరైనా ఎడం చేత్తో రాస్తుంటే దయచేసి మాన్పించకు. సుమారు పదిమందిలో ఒకరు అలాగే ఉంటారు, అదేమీ లోపం కాదు.

ఇక అసలు బెంగ మతిమరుపు కదా? మనం ఒక చేత్తో పోపు వేస్తూ, చెవిన ఫోన్ పెట్టుకుని, పిల్లాడి హోంవర్క్ చూస్తుంటే ఏది గుర్తుంటుంది చెప్పు? ఒకసారికి ఒక పనే చెయ్యి. రోజూ కాసేపు నడువు. బీపీ, షుగర్ చూపించుకో. మరపు రోజువారీ పనులకే అడ్డొస్తుంటే డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడకు. ఏ చెయ్యయినా ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఆగకుండా 108కి ఫోన్ చేయించు. అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డ కరిగించే మందు పనిచేయాలంటే లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే సాధారణంగా ఇవ్వాలి.

రేపు పొద్దున్న బ్రష్ ఎడం చేత్తో పట్టుకుని చూడు, సరదాగా ఉంటుంది. ఈ రాత్రికి మాత్రం ఫోన్ పక్కన పెట్టి త్వరగా పడుకో. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే నిద్రనే ఎంచుకో తల్లీ, జ్ఞాపకానికి ఎక్కువ మేలు చేసేది అదే.