ఊరికి వచ్చిన పట్నము

మా బాలాపూరులో వృద్ధులు నేటికిని హైదరాబాదును 'పట్నము' అనియే పిలుతురు. కోఠిలో ఏదైన పని తగిలినచో "పట్నము పోయి వచ్చెదము" అని ఇంటిలో చెప్పి బయలుదేరుదురు. వారి చిన్నతనమున ఆ మాటకు అర్థము కలదు. అప్పుడు ఊరికిని పట్నమునకును నడుమ జొన్నచేలును, రాతిగుట్టలును, చెరువులును ఉండెడివి. నేడు గుమ్మము దాటినచో పట్నమే. దానికొరకు మనము పోనక్కరలేదు. అదియే మన యొద్దకు వచ్చి, వాకిట ఇటుకలును ఇసుకయు పోసికొని కూర్చున్నది.

బాలాపూరు రంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రము. పాతబస్తీకి ఆగ్నేయమున ఉన్నది. దాపుననే క్షిపణులపై పరిశోధన జరుగు ఇమారత్ పరిశోధన కేంద్రము కలదు. అది 1988లో వెలసినది. నైరుతి దిక్కున శంషాబాదు. 2008 మార్చిలో విమానములు బేగంపేటను విడిచి అచ్చటి క్రొత్త విమానాశ్రయమునకు తరలినవి. రాత్రివేళ మా మేడమీద నిలిచినచో దక్షిణపు ఆకాశమున వాని దీపములు కనబడును. ఢిల్లీలో ఎక్కినవాడు రెండుగంటలు దాటిన కొలదిసేపటికి శంషాబాదులో దిగును. సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున నున్న కోఠికి చేరుటకు నాకు ఒక్కొక్కనాడు గంటన్నర పట్టుచున్నది. "ఆకాశములో గోతులు లేవు కదా, నాన్నా!" అని మా పిల్లవాడు దీనికి కారణము చెప్పెను.

ఆ గోతులు వానదేవుడు చేసినవి కావు. మొదట నీటిగొట్టములకై వీధిని త్రవ్వుదురు. పూడ్చి తారు పోసిన పిమ్మట, ఆ తారు చల్లారకముందే, మురుగుగొట్టము సంగతి ఎవరికో జ్ఞాపకము వచ్చును. మరల త్రవ్వుదురు. అదియు ముగిసిన వెనుక తీగలు పాతువారు వత్తురు. వాన పడినప్పుడు ఏది బాటయో ఏది గొయ్యియో తెలియదు. స్కూటరుపై పోవువారు ముందుపోవువాని చక్రమును చూచుచు, వాడు ఎచ్చట మునిగెనో అచ్చట తప్పుకొని పోవుదురు. ఆ ముందుపోవువానికి మాత్రము దిక్కు లేదు.

ఇంక చిరునామా వెదకుట యొక విద్య. మా కాలనీలో ఇండ్లకు సంఖ్యలు కలవు. కాని అవి ఇండ్లు కట్టిన వరుసలో వేసిరే కాని, ఇండ్లు నిలిచిన వరుసలో వేయలేదు. పన్నెండవ ఇంటి ప్రక్కన నలుబదియేడవ ఇల్లుండును. అందువలన ఎవరైన వచ్చునప్పుడు, "పాలబూతు దాటి, వేపచెట్టు వద్ద ఎడమకు తిరిగి, పచ్చగేటు అడుగుడు" అని చెప్పవలెను. ఒక యేడు ఆ వేపచెట్టును కొట్టివేసిరి. ఆ సంగతి తెలియని మా పెదతండ్రిగారు మండుటెండలో రెండుగంటలు తిరిగి, మా యిల్లు దొరకక, కోపముతో వచ్చిన బస్సులోనే మరల ఊరికి పోయిరి. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగరము వరకు వచ్చినదని మేమందరము సంతోషించితిమి. ఆ ఎల్.బి. నగరము చేరుటకు మాత్రము మరల బస్సుకై నిలువవలసినదే.

ఇవి యన్నియు నవ్వుకొని ఓర్చుకొనదగిన బాధలు. నీటిబాధ అట్టిది కాదు.

హైదరాబాదు నగరమునకు కృష్ణానది నీరు 2004వ సంవత్సరము నుండి వచ్చుచున్నది. అది నాగార్జునసాగరము వైపునుండి నూరు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో పయనించి, పంపుల బలముచే ఈ పీఠభూమిపైకి ఎక్కి రావలెను. అంత దూరము నుండి వచ్చు నీరు నగరపు అంచున నున్న వీధులకు చేరునప్పటికి సన్నగిల్లును. ఏప్రిల్ నాటికి మా బోరుబావులు ఎండిపోవును. అప్పుడు ట్యాంకరే శరణ్యము. దాని కూత దూరమున వినబడగానే ఆడువారును, మగవారును, బడికి పోవలసిన పిల్లలును నీలిరంగు డ్రమ్ములు దొర్లించుకొని వీధిలోనికి పరుగెత్తుదురు. గౌరవముగా బ్రతుకువారు సైతము ఆ అరగంటసేపు తమ గౌరవమును ఇంటిలో పెట్టి తలుపువేసి వత్తురు.

నేనును అట్లే చేసితిని. ఒక వేసవిలో మా క్రింది వాటాలోని ముసలివానితో తగవులాడితిని. ఆయన ఒంటరివాడు, రెండు డ్రమ్ములు వరుసలో పెట్టెను. "ఒక్క మనిషికి రెండు డ్రములెందుకు, తాతా? పిల్లలు గల ఇంటివారు ఏమి కావలెను?" అని పదిమందిలో గట్టిగా అడిగితిని. ఆయన ఏమియు అనలేదు. ఒక డ్రమ్ము వెనుకకు తీసికొని పోయెను. ఆ రెండవ డ్రమ్ము, మంచముపట్టియున్న ప్రక్క యింటి ముసలమ్మ కొరకని నాకు మరునాడు తెలిసినది.

క్షమాపణ చెప్పుకొనుటకు పోయితిని. ఆయన నన్ను కూర్చుండబెట్టి ఇట్లనెను: "సారూ, మా తండ్రి ఈ ఊరి నీరటి. ఎవని మడికి ఎంతసేపు నీరు పారవలెనో ఆయన చెప్పినచో, పటేలు కూడ ఎదురాడెడివాడు కాడు. నేను ఆయన కొడుకును. నిన్న నీటివరుసలో నిలిచినప్పుడు మీ మాటకు కాదు, ఆయన జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని."

నీరటి యనగా ఎవరో నేటి పిల్లలకు తెలియదు. చెరువు గల ప్రతి తెలంగాణ గ్రామమునను నీరటికాడు ఉండెడివాడు. తూము తెరచుట, మూయుట, కాలువలు చక్కబెట్టుట, మడిమడికి నీరు పంచుట ఆతని పని. కోతలైన పిమ్మట రైతులు ఆతనికి ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. వానాకాలపు రాత్రులందు లాంతరు పట్టుకొని కట్టపై తిరిగి, ఎలుకబొరియ కనబడినను మట్టి కూరెడివాడు. చెరువు పూర్తిగా నిండినప్పుడు ఎక్కువైన నీరు పొర్లిపోవుటకు ఒక ప్రక్క అలుగు ఉండును. దానినే మా వైపున మత్తడి యందురు. మత్తడి దూకిన నీరు వాగులో పడి, క్రింది చెరువును చేరును. అది నిండినచో దాని క్రింది చెరువు. ఇట్లు ఒకదానితో నొకటి ముడిపడిన గొలుసుకట్టు చెరువులతో ఈ పీఠభూమి యంతయు నిండియుండెను.

ఆ గొలుసు ఎంత మేలు చేయునో, తెగినప్పుడు అంత కీడు చేయును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరదలో హైదరాబాదులో వేలాది జనులు మరణించిరి. తరువాతి యేడు నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్క చూడగా, ఎగువ పరీవాహక ప్రాంతమున 788 చెరువులు కలవనియు, వానిలో 221 తెగిపోయినవనియు తేలెను. మీది చెరువు తెగి క్రింది చెరువుమీద పడినది; ఆ రెండు నీళ్లును కలిసి మూడవదానిని త్రెంచినవి. అట్టి ఆపద మరల రాకుండుటకే 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తి చేసిరి.

ఇది పుస్తకములలోని చరిత్ర యని నేననుకొంటిని. 2020 అక్టోబరు 13వ తేదీన నగరమున కుండపోతగా వాన కురిసెను. తూర్పు శివార్లలో కొన్ని తావుల ఒక్కదినముననే 30 సెంటీమీటర్లకు మించినది. చెరువులన్నియు అంచులకు వచ్చినవి. నాలుగుదినముల తరువాత, 17వ తేదీ రాత్రి, మరల వాన పట్టుకొన్నది. ఆ రాత్రి బాలాపూరు గుర్రం చెరువు కట్ట తెగెను. నీరు పల్లమున నున్న హాఫిజ్‌బాబానగర్ మొదలగు బస్తీలమీద పడెను.

మా కుటుంబమునకు బట్టలు కుట్టెడి దర్జీ ఆ బస్తీలో నుండెను. నీరు తీసిన పిమ్మట ఆతనిని చూడబోయితిని. గోడమీద నా భుజమెత్తున బురదగీత నిలిచియున్నది. ఆతని పిల్లలు పాఠ్యపుస్తకములను మేడమీద పరచి, ఆకు ఆకు విప్పి ఆరబెట్టుచుండిరి. ఆతడు కుట్టుమిషను ముందు కూర్చుండి, నూనెగుడ్డతో తుప్పు తుడుచుచుండెను. ధైర్యము చెప్పబోయితిని. "నా సామాను పోయిన పోనిండు సారూ! అలమారలోనివి అన్నియు పరుల బట్టలు. ఒక పెండ్లికొడుకు జత కూడ ఉన్నది. వారికి ఏమని సమాధానము చెప్పుదును?" అని ఆతడు తల యెత్తకుండ అనెను. నా కేమియు తోచలేదు.

ఇంటికి వచ్చి ముసలివానితో ఈ సంగతి చెప్పితిని. మేడ యెక్కి, చేయి చాపి, ఆయన నాకు ఊరిని చూపెను. "ఆ మూడంతస్తుల మేడ యున్నచోట మా వరిమడి. ఆ దుకాణముల వరుస పాత కాలువ. చెరువు నీరు పొలములకు పారుచున్నంతకాలము వేసవికి చెరువు అడుగంటెడిది. అప్పుడు పూడిక తీసి ఎరువుగా తోలుకొనెడివారము. తొలకరి వచ్చునప్పటికి చెరువు కడుపు ఖాళీ. ఎంత వాన వచ్చినను పట్టెడిది. ఇప్పుడు పొలము లేదు. తూము తెరచి నీరు ఎచ్చటికి వదలవలెను?" అని అడిగెను.

ఆయన మాటలోని సూక్ష్మము నాకు మెల్లగా బోధపడినది. పొలములు పోయిన చెరువు ఖాళీ కాదు. పైగా పట్నపు చెరువులలో అనేకములు ఇండ్లనుండి వచ్చు మురుగునీటితో పండ్రెండు మాసములును నిండియుండును. భూమిపై సిమెంటు పరచితిమి కనుక వాననీరు ఇంకదు. కురిసినదంతయు ఒక్కమారుగా పరుగెత్తి వచ్చును. నిండిన చెరువుమీద మరియొక చెరువంత నీరు వచ్చి పడును. మత్తడి దూకి పోవుదమనిన, వాగు దారిలో మనము ప్లాట్లు వేసి గృహప్రవేశములు చేసియున్నాము. మే మాసమున నీటి ట్యాంకరు నిండుచెరువు కట్ట వెంట వచ్చుట నేనెన్నియోమార్లు చూచితిని. చెరువు నిండ నీరున్నది. త్రాగుటకు చుక్క లేదు. ఆ వింత ఎదుట నున్నను, ట్యాంకరు ఆలస్యమైనదని విసుగుకొనుటయే తప్ప, ఎందుకిట్లయినదని నే నడుగలేదు. నా యిల్లును ఒకనాటి వరిమడిలోనిదే.

పట్నము మ్రింగివేసిన ఈ ఊరిలో, మ్రింగుడుపడనిది ఒక్కటి మిగిలియున్నది. అది వినాయకుని లడ్డూ. ఏటేట నిమజ్జనము నాటి ఉదయమున ఊరినడుమ 21 కిలోల లడ్డూను వేలము వేయుదురు. ఇది 1994లో ఆరంభమైనది. ఆ యేడు ఒక రైతు 450 రూపాయలకు పాడుకొని, ప్రసాదములో కొంత తన పొలమున చల్లెననియు, పంట బాగుగ పండెననియు ఊరివారు చెప్పుకొందురు. పంట పండెనో లేదో కాని, పాట మాత్రము పండినది. మహమ్మారి వలన 2020లో వేలము జరుగలేదు. 2021లో 18 లక్షల 90 వేలు, 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షల రూపాయలు పలికెను. ఆ సొమ్ము ఊరి పనులకు వినియోగింతురు.

వేలము ముగియగానే బాలాపూరు వినాయకుడు బయలుదేరును. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినారు మీదుగా హుస్సేన్‌సాగరు వరకు ఊరేగింపు సాగును. దారులు మూయుదురు. బస్సు దొరకదు. ఆనాడు ఆసుపత్రికి పోవలసినవారును, శంషాబాదులో విమానము అందుకొనవలసినవారును పడు తొందర చూచితిని. అది చిన్నబాధ కాదు. అయినను సంవత్సరమంతయు మొగము చూచుకొనని ఇరుగుపొరుగువారు ఆ యొక్క ఉదయమున ఒకచోట నిలిచి, పాట పెరిగినకొలది గుండె పట్టుకొందురు.

2025లో నేను ముసలివానితో గూడ వేలము చూచుటకు పోయితిని. జనసమ్మర్దములో ఎవరో పంచిన ప్రసాదము ఆయన చేతికి చిటికెడు దొరకినది. నోట వేసికొనునని తలచితిని. వేసికొనక, కాగితమున పొట్లము కట్టి, మొలలో దోపుకొనెను. ఇంటికి వచ్చి మేడమీదికి పోయెను. అచ్చట పగిలిన రెండు బకెట్లలో ఆయన వంగమొక్కలు పెంచుచున్నాడు. పొట్లము విప్పి, వేళ్లతో నలిపి, రెండు బకెట్లలోను సమానముగా చల్లెను.

"ఇంత చిన్నమడికి ఇది చాలునా, తాతా?" అని అడిగితిని.

"మడికి తగిన నీరు, సారూ!" అని ఆయన నవ్వెను.

వానాకాలమైనను ఆ వారము మా వీధి కుళాయికి నీరు రాలేదు. క్రింద ట్యాంకరు కూత వినబడినది. ఆయన డ్రమ్ము ఒకటి నేను దొర్లించితిని. ముసలమ్మ డ్రమ్ము ఆయన పట్టుకొనెను.