యునిక్సునందు తెఱచిన ఫైళ్ల ఉమ్మడి వినియోగము

1969లో బెల్ ల్యాబ్స్‌నందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యునిక్సునందు తెఱవబడిన ఫైలు, ప్రాసెస్‌కు ప్రత్యేకమైన డిస్క్రిప్టర్ పట్టిక, వ్యవస్థ కంతటికి నొక్కటియైన ఓపెన్ ఫైల్ పట్టిక, ఫైలు వివరములను దాల్చు ఐనోడ్ పట్టిక యను మూడింట నమోదగును. డిస్క్రిప్టర్లలో 0 ఇన్‌పుట్, 1 అవుట్‌పుట్, 2 ఎర్రర్.

పరీక్షయందు ప్రశ్నకు మిక్కిలి యవకాశముగల యంశము, ఫైలునందు తరువాత చదువు లేక వ్రాయు స్థానమును దెలుపు ఆఫ్‌సెట్. అది రెండవ పట్టికయందే యుండుటచేత, ఫోర్క్ వలన జనించిన చైల్డ్ తన పేరెంట్‌తో నొకే ఆఫ్‌సెట్‌ను పంచుకొనును. పేరెంట్ ఫైలు మొదటినుండి 100 బైట్లు చదివినచో, పిదప చైల్డ్ 101వ బైటునుండి చదువును. డిస్క్రిప్టర్‌కు నకలు చేయు డూప్ విషయమునను ఇంతే. రెండు ప్రాసెస్‌లు వేర్వేఱుగ ఓపెన్ చేసినచో ఐనోడ్ ఉమ్మడి, ఆఫ్‌సెట్లు వేఱు. క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్ మాత్రము డిస్క్రిప్టర్‌కు చెందినది. ఈ భేదమును అభ్యర్థులు తప్పక గుర్తింపవలయును. దానిని సూచించు డిస్క్రిప్టర్ల సంఖ్యయగు రిఫరెన్స్ కౌంట్ 0 అయినపుడే ఓపెన్ ఫైల్ పట్టికలోని నమోదు తొలగును.